నడుము దగ్గరే తప్పాను, నడుము దగ్గరే గట్టెక్కాను

నిన్న సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఫిజియోథెరపీ చివరి ఏడాది ఆర్థో (ఎముకలు, కీళ్లు) ప్రాక్టికల్ రెండో ప్రయత్నంలో పాసయ్యాను. బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ హాస్టల్లో ముఖపరిచయం లేనివాళ్లకు కూడా మైసూర్‌పాక్ పంచాను. సిలబస్ అంతా ఏకరువు పెట్టను, నేను బోల్తాపడిన చోటు మాత్రం చెబుతాను.

మొదటిసారి నడుం నొప్పి కేసు వచ్చింది. "నడుము ఎంత వంగుతుందో చూడండి" అన్నారు ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు. పేషెంటును సిట్ అండ్ రీచ్ పెట్టె ముందు కాళ్లు చాపి కూర్చోబెట్టి, ముందుకు వంగి చేతులు చాపమన్నాను. వేళ్లు పాదాలు దాటాయి. "నడుము బాగుంది సార్" అన్నాను ధీమాగా. "వంగింది నడుమా, సాగింది తొడ వెనక కండరమా?" అన్నారాయన. నోరు పెగల్లేదు. ఆ పరీక్ష ఎక్కువగా చెప్పేది హామ్‌స్ట్రింగ్స్ (ఆ తొడ వెనక కండరాలు) సంగతే. చేతులు పొడవైనవాళ్లకు అంకె మరింత కలిసొస్తుంది. అక్కడ చేయాల్సింది మాడిఫైడ్ షోబర్, అంటే నడుము వంపును వీపు మీద టేపుతో కొలిచే పరీక్ష. నడుము కింది భాగంలో వెన్ను మీద పెట్టిన గుర్తుకు పైన 10, కింద 5 సెంటీమీటర్లు కొలిచి, ముందుకు వంగితే ఆ 15 కనీసం 20 కావాలని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఎప్పుడు వాడాలో మాత్రం తట్టలేదు.

"మూత్రం సంగతి అడిగారా?" అన్నది రెండో ప్రశ్న. అడగలేదు. మలమూత్రాలపై అదుపు తప్పిందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా అని, అంటే నరాలు నొక్కుకుపోయే ప్రమాదం ఉందా అని తెలుసుకోకుండా టేపు తీసినవాణ్ని ఫెయిల్ చేయడం న్యాయమే. ఆ రోజు మాత్రం ఆయన్ని బాగా తిట్టుకున్నాను.

తర్వాతి ఆరు నెలలు నా రూమ్మేటే నా పేషెంటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు జిమ్, వంద కిలోలు ఎత్తగలడు. అడగాల్సినవన్నీ అడిగాకే, నడుము వెనక కండరాల ఓర్పు చూసే సోరెన్‌సన్ పరీక్ష పెట్టాను. బోర్లా పడుకోబెట్టి, తుంటి నుంచి పైభాగం మంచం అంచు దాటించి, కాళ్ల మీద నేను కూర్చున్నాను. ఒంటిని తిన్నగా నిలపాలి, 240 సెకన్లకు ఆపేస్తాం. 51 దగ్గరే "అన్నా, ఇక చాలు" అన్నాడు. బలం వేరు, ఓర్పు వేరు అన్న వాక్యం పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో! ఆ రాత్రి అర్థమైంది. పక్కకు తిరిగి మోచేయి మీద ఒంటిని లేపి నిలిపే సైడ్ బ్రిడ్జ్‌లో కుడివైపు 70 సెకన్లు, ఎడమవైపు 48. రెండింటి మధ్య 5 శాతానికి మించి తేడా ఉండకూడదంటారు.

రెండోసారీ నడుమే వచ్చింది. ముందు ప్రశ్నలు, తర్వాతే టేపు. పావుగంటలో పంపేశారు.

ఊళ్లో బంధువులు ఆరు నెలలు వృథా అయ్యాయన్నారు. ఫోను పక్కన పెట్టి రోజూ ఉదయం అయిదింటికి లేచినవాడికి ఏదీ వృథా కాదు. మీరూ లేవండి, గైడ్లు బట్టీ పట్టడం మానండి. నేను అయిదింటికి లేచింది చివరి రెండు నెలలే అనుకోండి, అయినా లేచాను కదా.

మొన్న ఆదివారం రూమ్మేట్‌ను మళ్లీ కొలిచాను. సోరెన్‌సన్‌లో 96. ఎడమవైపు మాత్రం ఇంకా వెనకబడే ఉంది. ల్యాప్‌టాప్ సంచి ఎప్పుడూ ఆ భుజానికే తగిలిస్తాడు. అదే కారణమని చెప్పబోయి ఆగాను, ఎక్స్‌టర్నల్ గుర్తొచ్చారు.