మా మిరియం బొచ్చు పీకడం

మేం ఉండేది ఇంగ్లండులో, న్యూకాజిల్‌లో. మా ఇంట్లో ఒక బోర్డర్ టెర్రియర్ ఉంది. ఆరు కిలోల ఆడకుక్క, పేరు మిరియం. ఇంగ్లండుకీ స్కాట్లండుకీ నడుమ ఉన్న సరిహద్దు కొండల్లో రైతులు, గొర్రెల కాపరులు నక్కల బెడద తట్టుకోలేక పెంచుకున్న జాతి ఇది. గుర్రం వెంట పరుగెత్తే కాళ్లు, నక్క బొరియలో దూరేంత సన్నటి ఒళ్లు. తల నీటికుక్క (ఒట్టర్) తలలా ఉంటుంది. కుక్కల జాతులను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్బు వాళ్లు దీన్ని 1920లో గుర్తించారు.

దాన్ని అమ్మినావిడ మాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది, 'బొచ్చుకి మిషన్ పెట్టించకండి, చేత్తో పీకండి' అని. నేను మర్చిపోయాను. తొమ్మిదో నెలలో చీపురులా తయారైతే దగ్గర్లో ఉన్న గ్రూమర్ దగ్గర వదిలి వచ్చాను. ముప్పావుగంటలో మఖమల్ ముక్కలా తిరిగొచ్చింది. ముద్దుగానే ఉంది. తర్వాత వాన పడినప్పుడు తెలిసింది సంగతి. గరుకైన పై బొచ్చు పోయి మెత్తటిది మిగిలింది కదా, నీళ్లు చర్మం దాకా ఇంకిపోయాయి, బురద అట్టలు కట్టింది. రంగు కూడా వెలిసింది. మళ్లీ అసలు బొచ్చు రావడానికి మాకు ఏడాది పైనే పట్టింది.

ఈసారి నేనే నేర్చుకుందామని కూర్చున్నాను. ఇది పండిన వెంట్రుకను, అంటే పూర్తిగా పెరిగి ఊడడానికి సిద్ధమైనదాన్ని, పీకే పని. వీపు మీద బొచ్చు పాయలుగా విడిపోతూ, రెండు వేళ్లతో లాగితే ఇట్టే ఊడి వస్తుంటే పండినట్టు. రాకపోతే ఆ వారం వదిలేయాలి. ముందు రోజు స్నానం చేయించకూడదు, జారిపోతుంది. వేళ్లకు రబ్బరు తొడుగులు, కొంచెం సుద్దపొడి. ఎడమ చేత్తో చర్మం బిగించి పట్టుకుని, కుడి చేత్తో నాలుగైదు వెంట్రుకలు మాత్రం పట్టి, అవి పెరిగిన దిక్కుకే లాగాలి. లోపలి మెత్తటి పొరను ముట్టుకోకూడదు. పొట్ట, తొడల లోపలి భాగం, తోక కింద మాత్రం కత్తెరే.

మొదటిరోజు వీడియో కాల్‌లో మా అమ్మ చూసింది. "అదేంటే, కోడిని పీకినట్టు పీకుతున్నావు? పాపం తగుల్తుంది!" అంది. "పండిన వెంట్రుక నొప్పెట్టదమ్మా" అన్నాను, పెద్ద తెలిసినదానిలా. నిజానికి నాకూ లోపల టెన్షనే. ఎందుకంటే ఈ జాతి నొప్పిని బయటపెట్టదు. అంతకుముందు చలికాలంలో కాలి వేళ్ల మధ్య ముల్లు దిగితే, రెండు రోజులు ఊరికే నాక్కుంది తప్ప కుయ్యిమనలేదు, కుంటనూ లేదు. వెటర్నరీ డాక్టరు తీసి చూపిస్తే నాకు సిగ్గేసింది. కాబట్టి అరవడం లేదు కదా అని పీకుతూ పోతే లాభం లేదు. పెదవులు నాక్కోవడం, చెవులు వెనక్కి పెట్టడం, చర్మం ఒక్కసారి వణకడం, ఇవి చూడాలి. మెడ దగ్గర అలా వణికింది. చేయి తీసేశాను. ఆ చోటు పదిహేను రోజుల తర్వాత పండింది.

రోజుకు ఇరవై నిమిషాలు, ఎనిమిది రోజులు. నాలుగో రోజు కిటికీ అవతల ఉడత కనబడింది. టేబుల్ మీంచి ఒక్క దూకు! నా చేతిలో బొచ్చు, దాని నోట్లో కర్టెను. ఇంట్లో అందరి ఒళ్లో పడుకునే ఈ సాధుజీవే, ఉడతనో కుందేలునో చూస్తే మన గొంతే వినబడనట్టు చేస్తుంది. జెస్మండ్ డీన్ పార్కులో ఒకసారి కుందేలు బొరియలో దూరి నలభై నిమిషాలు బయటికి రాలేదు. అప్పట్నుంచి అక్కడ పొడుగు తాడు తీయను. గొర్రెలున్న చోట అయితే అసలు ఆలోచించను.

పీకాక లోపలి పొరతో, బనీను మీద నిలబడ్డ పిల్లాడిలా ఉంది. కొత్త బొచ్చు రావడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ చలికి చిన్న కోటు తొడిగాను. తర్వాత మాత్రం వాన వస్తే ఒళ్లు ఒక్కసారి విదిలిస్తే చాలు, పొడిగా అయిపోయేది.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు చేస్తున్నాను. టేబుల్ మీద రబ్బరు చాప పరవగానే సోఫా కిందికి దూరుతుంది. అక్కడ చీపురు కూడా సరిగ్గా పట్టదు. బొరియల్లో దూరడానికి పెంచిన ఒళ్లు మరి.