మాల తీసినాక మనసు చెప్పే మాట

కార్తీకం వస్తే కడప ఏడు రోడ్ల చుట్టుపక్కల టీ బంకుల ముందు నల్ల పంచెలు కనబడతాయి. టీ చేతికి రాగానే సిగరెట్టు ముట్టించే అలవాటున్నవాళ్లు కూడా మండలం పాటు, అంటే 41 రోజులు, దాని జోలికి పోరు. శబరిమల నుంచి వచ్చి మాల తీశాక చాలామందికి మళ్లీ మొదలు. అడిగితే, "అది స్వామి మహిమన్నా, నావల్ల యాడైతాది" అంటారు.

వినడానికి భక్తిగానే ఉంటుంది. నాకైతే ఓటమే భక్తి వేషం కట్టినట్టు తోస్తుంది. శబరిమల గుడి మీద రాసి ఉన్న మాట "తత్త్వమసి", అది నీవే అని. మాల వేసినవాణ్ణి చిన్నా పెద్దా అందరూ స్వామీ అని పిలుస్తారు. మరి ఆ 41 రోజులూ మానింది ఎవరు?

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడూ ఇలాగే చేతులెత్తేశాడు. మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టం అన్నాడు. దానికి కృష్ణుడి జవాబు:

అసంశయం మహాబాహో మనో దుర్నిగ్రహం చలమ్
అభ్యాసేన తు కౌంతేయ వైరాగ్యేణ చ గృహ్యతే

కష్టమే, సందేహం లేదని ముందే ఒప్పుకున్నాడు. తిట్టలేదు. పైగా నావల్ల కాదన్నవాణ్ణి పట్టుకుని "మహాబాహో", అంటే గొప్ప భుజబలం ఉన్నవాడా, అన్నాడు! ఆ తర్వాతే, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ మనసు చేతికి చిక్కుతుందని చెప్పాడు. దీక్షలో చన్నీళ్ల స్నానం, భజన, తోటి స్వాములు అంతా వైరాగ్యానికి తోడు నిలుస్తారు. అభ్యాసం పని మాల తీసిన మరునాడు మొదలవుతుంది.

ఒంటి సంగతి చూస్తే, నికోటిన్ మానిన మొదటి కొన్ని రోజులే గట్టి బాధ. చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. అంటే మాల తీసేనాటికి కష్టమైన భాగం దాటేసినట్టే. ఇక మిగిలేది అలవాటు: అన్నం తిన్నాక, టీతో, స్నేహితుడు పెట్టె చాచినప్పుడు. ఆ కోరిక కూడా సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. అంతసేపు శరణుఘోష చెప్పుకోండి, నీళ్లు తాగండి, బంకు కాడ నుంచి కదలండి.

ఒకటి తాగేశారే అనుకోండి. "ఇంక చెడింది కదా, పెట్టె అంతా కానీ" అని మనసు వెంటనే అంటుంది. దాని మాట వినొద్దు. దీక్షలో తప్పితే వ్రతభంగమేమో గానీ, అభ్యాసానికి ఆ లెక్క లేదు. తరువాతి టీ దగ్గర నుంచే మళ్లీ పట్టుకోవచ్చు.

తోడు కావాలంటే పొగాకు మానేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే 1800-11-2356 నంబరు ఉంది, ఫోనుకు డబ్బులు పడవు. ఈసారి మాల తీయించుకునేటప్పుడు మీ గురుస్వామిని ఒకటి అడగండి: సిగరెట్టు నియమం మాత్రం ఇంకో మండలం ఉంచండి స్వామీ అని. కాదనే గురుస్వామి ఉంటారనుకోను.