గోళీలతో ఓడినా దిగనన్న జామ్మే

పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియాలో ఓటు వెయ్యాలంటే బ్యాలెట్ పేపర్ ఉండదు, ఒక గోళీ ఇస్తారు. అభ్యర్థికో రంగు డ్రమ్ము, దాని మీద ఫొటో. మనకి నచ్చినోడి డ్రమ్ములో గోళీ వేస్తే లోపల గంట టంగ్‌మని మోగుతుంది, రెండుసార్లు మోగిందంటే దొరికిపోయినట్టే. చదువు రానివాళ్ళు కూడా వెయ్యగలగాలని 1960ల్లో పెట్టారంట, నాకైతే భలే నచ్చింది.

ఇంత సింపుల్ పద్ధతిలో కూడా 2016లో పెద్ద గొడవే అయింది. 1994లో కుట్ర చేసి గద్దెనెక్కిన ప్రెసిడెంట్ యాహ్యా జామ్మే డిసెంబర్ 1న ఓడిపోయాడు, మర్నాడే టీవీలో తన మీద గెలిచిన ఆడమా బారోకి ఫోన్ చేసి నవ్వుతూ కంగ్రాట్స్ కూడా చెప్పాడు, 22 ఏళ్ళు పాతుకుపోయినోడు ఇంత ఈజీగా దిగుతాడా అని అందరూ నోరెళ్ళబెట్టారు. తర్వాత ఎలక్షన్ కమిషన్ కూడికలో తప్పు జరిగిందని అంకెలు సరిచేసింది. 51 వేల పైచిలుకు మెజారిటీ కాస్తా 19 వేలకి పడిపోయింది, అయినా గెలిచింది బారోనే. జామ్మేకి ఆ సందు చాలు. డిసెంబర్ 9న మళ్ళీ టీవీలోకొచ్చి ఈ రిజల్టు ఒప్పుకోను, మళ్ళీ ఎలక్షన్ పెట్టాల్సిందే అన్నాడు.

అసలు కామెడీ కోర్టు దగ్గర. కేసేశాడు సరే, వినడానికి సుప్రీంకోర్టులో సరిపడా జడ్జీలే లేరు, ఏడాదికి పైగా ఆ కోర్టు కూర్చోనే లేదు! తన హయాంలోనే ఖాళీ అయిన కోర్టు మరి. నైజీరియా, సియెర్రా లియోన్ నుంచి జడ్జీలు రావాలి, మే దాకా కుదరదన్నారు. అప్పటిదాకా కుర్చీలో ఉండొచ్చని ఈయన లెక్క అని నా డౌటు.

పక్క దేశాలు ఊరుకోలేదు. 2017 జనవరి 19న బారో సెనెగల్ రాజధాని డాకార్‌లో, గాంబియా ఎంబసీలోనే ప్రమాణం చేశాడు, అదే రోజు ఎకోవాస్ (పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి) సైన్యాలు బోర్డర్ దాటి గాంబియాలోకి వచ్చాయి. అంతకు కొన్ని రోజుల ముందే బారో ఎనిమిదేళ్ళ కొడుకు కుక్క కరిచి చనిపోతే భద్రత పేరుతో అంత్యక్రియలకి కూడా పోలేకపోయాడు పాపం. 21న జామ్మే ఫ్లైటెక్కి చివరికి ఈక్వటోరియల్ గినియాలో తేలాడు.

2021లో మళ్ళీ గోళీలతోనే ఎలక్షన్, మళ్ళీ బారోనే గెలిచాడు, ఓడిన ఉసైను డార్బో పార్టీ కోర్టుకెళ్ళింది. ప్రొసీజర్ పాటించలేదని ఆ డిసెంబర్‌లోనే కేసు కొట్టేశారు. ఈసారి జడ్జీలున్నారు లెండి.