రోము ప్రయాణం, ఇన్సులిన్ సంచి, కీట్స్ స్నేహితుడు

ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 మధుమేహం ఉన్నవారు విదేశానికి బయలుదేరాలంటే, వీసా చేతికి వచ్చిన తరువాత అసలు పని మొదలవుతుంది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. నేను వాడే ఇన్సులిన్ పెన్ను ఒకసారి మొదలుపెట్టాక, 30 డిగ్రీలు దాటని చోట ఉంచితే 28 రోజులు పనిచేస్తుంది. విశాఖపట్నంలో వేసవి వస్తే ఇంట్లోనే ఆ హద్దు దాటిపోతుంది కనుక వేడి నుంచి మందును కాపాడుకోవడం మాకు అలవాటే. విమానంలో మాత్రం చలికి భయపడాలి. కింద సామాను గదిలో వేసే పెట్టెలో మందు గడ్డకట్టవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా వాడకూడదు. అందుకే అవసరానికి రెట్టింపు మందు, సూదులు, గ్లూకోమీటరు, డాక్టరుగారి ఉత్తరం అన్నీ చేతిసంచుల్లోనే పెట్టుకున్నాము. ఒక సంచి పోయినా రెండవది మిగలాలని సగం నా దగ్గర, సగం నాతో వచ్చిన మా చెల్లెలి దగ్గర ఉంచుకున్నాము.

సీసా, సిరంజీ వాడేవారికి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. మన మందుల దుకాణాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాలు ఇప్పటికీ దొరుకుతాయి, విదేశాల్లో సాధారణంగా ఉండేది 100 యూనిట్ల మందు. 40 యూనిట్ల సిరంజీతో 100 యూనిట్ల మందును అదే గీత వరకు తీసుకుంటే ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర రెట్లు. ఇది ప్రాణాంతకం కావచ్చు.

“ఈ జబ్బు పెట్టుకుని అంత దూరం ఎందుకే అమ్మా?” అని మా పెద్దమ్మ అడిగింది. ఆవిడకు నేను చెప్పిన సమాధానం, రోములో కన్నుమూసిన ఆంగ్ల కవి జాన్ కీట్స్. విశ్వవిద్యాలయంలో చదువుకున్న రోజుల నుంచి ఆయన ఉత్తరాలు నాకు ఇష్టం. జబ్బుపడిన మనిషి తన శరీరాన్ని తానే గమనించుకుంటూ, దాచుకోకుండా రాసిన మాటలు అవి. ఆయన వైద్యం నేర్చుకున్నవాడు, క్షయతో పోయిన తమ్ముడికి దగ్గరుండి సేవ చేసినవాడు. 1820 ఫిబ్రవరిలో తన దగ్గులో రక్తం కనిపించినప్పుడు, దాని రంగు చూసే అది మరణశాసనమని ఆయన గ్రహించాడు. ఇటలీ వెచ్చదనం మేలు చేస్తుందని వైద్యులు చెప్పగా ఆ సెప్టెంబరులో ఓడ ఎక్కాడు. నేపుల్స్ రేవులో పది రోజులు క్వారంటైన్‌లో గడిపి, నవంబరులో రోము చేరాడు. 1821 ఫిబ్రవరి 23న, 25 ఏళ్ళ వయసులో, అక్కడి స్పానిష్ మెట్లు అనే పెద్ద మెట్ల వరుస పక్కనున్న ఇంట్లో కన్నుమూశాడు.

ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ ఇంట్లోని చిన్న గదిలో నిలబడినప్పుడు నన్ను అన్నిటికంటే కలచివేసింది ఆయనకు చేసిన వైద్యం. రక్తం తీసేవారు, అన్నం తగ్గించేవారు. ఇన్సులిన్ రాకముందు నా జబ్బు ఉన్న పిల్లలకు కూడా ఆకలే మందు. తిండి తగ్గించి, ఎముకల గూడుగా మార్చి, మరికొన్ని నెలలు బతికించేవారు. 1922 జనవరిలో టొరంటోలో ఒక 14 ఏళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. రోముకు వచ్చి తిరిగి ఇంటికి చేరగలగడాన్ని నా ధైర్యంగా చెప్పుకోలేను. నేను ఆ సంవత్సరం తరువాత పుట్టాను, పైగా మందు కొనగలిగిన ఇంట్లో పుట్టాను.

కీట్స్‌ను వెతుక్కుంటూ వెళ్ళిన నాకు అక్కడ బాగా అర్థమైనవాడు జోసెఫ్ సెవెర్న్. ఈ యువ చిత్రకారుడు కొద్ది రోజుల వ్యవధిలోనే స్నేహితుడి వెంట బయలుదేరాడు. వంట చేశాడు, పుస్తకాలు చదివి వినిపించాడు, అద్దెకు తెచ్చిన పియానో వాయించాడు. 1821 జనవరి 28న తెల్లవారుజామున మూడు గంటలకు, తనకు నిద్ర పట్టకుండా ఉండటానికి, చెమటలు కక్కుతూ నిద్రపోతున్న కీట్స్ ముఖాన్ని గీశాడు. ఆ సమయం చదవగానే నేను చెల్లెలి వైపు చూశాను. ఇటలీ గడియారం ఏప్రిల్‌లో మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. విశాఖలో రాత్రి తొమ్మిదిన్నరకు తీసుకునే, రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్‌ను, డాక్టరుగారు చెప్పినట్లే, అక్కడ సాయంత్రం ఆరింటికి తీసుకునేదాన్ని. పగలంతా నడవడం వల్ల నిద్రలో షుగర్ పడిపోవచ్చని, మా చెల్లెలు అలారం పెట్టుకుని లేచి నా వేలు గుచ్చి చూసేది. 70 కంటే తక్కువ ఉంటే గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూసిన తరువాతే పడుకునేది. దీర్ఘరోగుల ప్రయాణాల గురించి రాసేవారు, నాతో సహా, రోగి పట్టుదలనే ఎక్కువగా రాస్తాము. ఆ పక్క మంచం మీద నిద్ర చెడగొట్టుకునే మనిషి గురించి ఒక వాక్యంతో సరిపెడతాము. ఇది న్యాయం కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సెవెర్న్ 1879 వరకు బతికాడు, ఆయన సమాధి కీట్స్ సమాధి పక్కనే ఉంది. మనకు దొరికిన కీట్స్ చివరి ఉత్తరం 1820 నవంబరు 30 నాటిది. తన అసలు జీవితం ముగిసిపోయిందని, చనిపోయిన తరువాతి బతుకు బతుకుతున్నట్లుందని అందులో రాశాడు. ఆ తరువాత ఆ గదిలో జరిగినది ఎక్కువగా సెవెర్న్ ఉత్తరాల వల్లే మనకు తెలుసు. తిరిగి వచ్చినప్పటి నుంచి వాటినే చదువుతున్నాను. మా చెల్లెలు నాకంటే ముందే వాటిని పూర్తిచేసింది.