క్యారెట్ మీద వేసిన నింద

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ లేదు. ఉదయమంతా ఇల్లు సర్దడంతోనే సరిపోయింది. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న నాన్న మాత్రం కంచంలో క్యారెట్ కూర చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఇది నేను తినొచ్చా అమ్మా?" అని అడిగారు.

ఆయనకు షుగర్ బయటపడి ఆరేళ్లయింది. అప్పట్లో ఎవరో "నేలలో ఊరే కూరలేవీ ముట్టుకోవద్దు" అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని బంగాళాదుంపతో పాటు క్యారెట్, బీట్‌రూట్, చివరికి ముల్లంగి కూడా మానేశారు. ముల్లంగిలో ఉండేది చాలావరకు నీళ్లే. ఆరేళ్లు ఆయన దాన్ని కూడా వదులుకున్నారని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

క్యారెట్‌కు ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలతను ముందుకు తెచ్చింది. గ్లూకోజ్‌ను 100గా పెట్టుకుని, ఒక్కో ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో పోల్చి చూస్తారు. ఆ తొలి పట్టికలో క్యారెట్‌కు 92 వచ్చింది. తర్వాతి పరీక్షలన్నీ కలిపి చూస్తే ఉడికించిన క్యారెట్ సగటు 40 దగ్గరే తేలింది. ఉడికించిన బంగాళాదుంపకు అదే లెక్కలో 78 వరకు ఉంటుంది. కొత్త అంకె వచ్చినా జనం నోట్లో పాతదే నిలిచిపోయింది.

ఆ 92 నిజమే అనుకున్నా భయపడాల్సింది లేదు. ఈ పరీక్షలో సాధారణంగా 50 గ్రాముల పిండిపదార్థం అందేంత ఆహారం తినిపిస్తారు. బంగాళాదుంప అయితే 300 గ్రాముల లోపే సరిపోతుంది. క్యారెట్ అయితే అర కిలోకు పైనే తినాలి. ఒక పూట అంత క్యారెట్ ఎవరు తింటారు? అందుకే తినే పరిమాణాన్ని కూడా కలుపుకునే గ్లైసీమిక్ లోడ్ అనే లెక్క నాకు ఎక్కువ నచ్చుతుంది. గుమ్మడికాయ విషయమూ ఇంతే. ఇండెక్స్ 60 దాటినా, ఒక వడ్డనలో పిండిపదార్థం కొంచెమే.

నాన్నకు ఇదంతా చెప్పి కూర తినిపించాను. మొదటి ముద్ద తిన్న సమయం రాసి పెట్టుకుని, రెండు గంటలకు గ్లూకోమీటర్ తీశాం. 214! ఆయన ముఖం వాడిపోయింది. "చూశావా, నేను అప్పుడే అన్నాను" అన్నారు. నా గుండె జారిపోయింది. స్ట్రిప్ తీసేస్తుంటే ఆయన వేళ్ల దగ్గర నారింజ వాసన వచ్చింది. అంతకు ముందే మా పాపకు తొనలు ఒలిచి పెట్టారు. వేలి మీద పండు రసం ఉంటే అందులోని చక్కెర కూడా రక్తపు చుక్కలో కలిసి అంకెను పెంచేస్తుంది. "సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రండి నాన్నా" అన్నాను. ఈసారి వేరే వేలి పక్కన గుచ్చి చూస్తే 152.

చేతులు కడగకపోతే ఈ రోజు కూడా క్యారెట్‌ మీదే నేరం పడేది.

ఒక్క అంకెతో తీర్పు ఇవ్వకూడదని నాకు తెలుసు. కంచంలో ఇంకేమున్నాయి, భోజనం తర్వాత నడిచారా, నిద్ర ఎలా పట్టింది అన్నవన్నీ ఆ అంకెలో కలిసే ఉంటాయి. అందుకే ఒక్కో కూరనూ కనీసం మూడుసార్లు చూద్దామని అనుకున్నాం. పాలకూర, క్యాబేజీ, బీన్స్, వంకాయ, కాలీఫ్లవర్‌లను కొలవాల్సిన అవసరమే లేదు. కంచంలో సగం అవే ఉన్నా మంచిదే. అవి ముందు తిని, పిండిపదార్థాలు చివర్లో తింటే చక్కెర మెల్లగా పెరుగుతుంది. ఇది ఆయన మీటర్‌లో ఇప్పటికే రెండుసార్లు చూశాను. బంగాళాదుంప, చిలగడదుంప, మొక్కజొన్నలను మాత్రం కూరల లెక్కలో కాకుండా పిండిపదార్థాల లెక్కలో వేసుకోవాలి. పచ్చిబఠాణీలోనూ పిండి ఉంది కానీ పీచు, మాంసకృత్తులు తోడుగా ఉండటం వల్ల అది అంత తొందరపడదు. ఉడికించి చల్లార్చిన బంగాళాదుంపలో కొంత పిండి జీర్ణం కాని రూపంలోకి మారుతుంది. అలాగని గిన్నెడు తినమని కాదు.

సాయంత్రం నాన్న కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచారు. 214ను అడ్డంగా కొట్టేసి, పక్కన "చేతులు కడగలేదు" అని రాశారు. దాని కింద "క్యారెట్ 152". ఇంకో గీత గీసి రేపటి తేదీ వేశారు. దాని ఎదురుగా "బీట్‌రూట్" అని రాసి నా వైపు చూశారు. ఇంట్లో రెండు ఉన్నాయని చెప్పాను.