జాజికాయలు పావు పౌండు

తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ ఆడమ్స్ పేరు చెబితే చాలామందికి 1776లో ఆవిడ "ఆడవాళ్ళను మరిచిపోవద్దు" అని భర్తకు రాసిన మాటే గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు ముందు ఏడాది రాసిన ఉత్తరాలు గుర్తొస్తాయి.

1775 సెప్టెంబరు. బోస్టన్ దగ్గర ఆవిడ ఉండే బ్రెయిన్‌ట్రీలో రక్త విరేచనాలు ఇల్లిల్లూ చుట్టబెడుతున్నాయి, జాన్ ఆడమ్స్ ఏమో అమెరికా వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ సమావేశాలకని ఫిలడెల్ఫియా వెళ్ళాడు. 8వ తేదీ ఉత్తరంలో అబిగైల్ వరసగా చెప్పుకుపోతుంది: ముందు ఇంట్లో పనిచేసే ఐజాక్ పడ్డాడు, రెండు రోజులకు తను, ఆ వారంలోనే సూసీ, తర్వాత మూడేళ్ళయినా నిండని కొడుకు టామీ, నిన్న ఇంట్లోనే ఉండే ప్యాటీ. ఇల్లంతా ఆసుపత్రి అయిపోయింది, సాయం పిలుద్దామన్నా చుట్టుపక్కల ఒంట్లో బాగున్న మనిషి దొరకడం లేదు.

నువ్వింకా దగ్గర్లోని వాటర్‌టౌన్‌లోనే ఉన్నావని తెలిసుంటే కబురు పంపేదాన్ని అంటుంది, మళ్ళీ వస్తే నీకూ అంటుకుంటుందేమోనని ఎంత నలిగిపోయానో అనీ అంటుంది. కోవిడ్‌లో మా అమ్మ కూడా ఇంతే, బయలుదేరతానంటే వద్దే వద్దని, ఫోన్ పెట్టేసే ముందు "ఎప్పుడొస్తావ్?" అనేది. అందుకే ఆ వాక్యం చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

అదే ఉత్తరంలో ఒక సామాన్ల చీటీ కూడా ఉంది. ఒక ఔన్సు మందుగా వాడే రేవల్చిని వేరు, పావు పౌండు జాజికాయలు, ఒక ఔన్సు లవంగాలు, రెండు ఔన్సుల దాల్చినచెక్క పంపమని. జబ్బులు ముదిరి ఊళ్ళో మందులకే కరువొచ్చింది. తను లేచి తిరుగుతోందే అంతంతమాత్రం, పిల్లవాడు మంచం మీదున్నాడు, అయినా ఏది ఎన్ని ఔన్సులో లెక్క తప్పలేదు చూడండి! ఆవిడ ధైర్యం నాకు కనిపించింది ఆ లెక్కలోనే.

తర్వాతి ఉత్తరాల్లో ప్యాటీ పరిస్థితి ఘోరం. ఇంట్లో వాసన భరించలేక వేడి వెనిగర్‌తో కడిగిందే కడుగుతున్నామని రాసింది. ఈలోగా పక్క ఊరు వేమత్‌లో ఉండే అబిగైల్ వాళ్ళమ్మ ఎలిజబెత్ స్మిత్‌కూ అదే జబ్బు సోకింది.

అక్టోబరు 1న ఆ తల్లి పోయింది. ఆ రోజే అబిగైల్ భర్తకు ఉత్తరం రాసింది. అందులో చీటీ లేదు, లెక్కల్లేవు. నా మీద జాలి పడు, జాలి పడు అన్న వేడుకోలు ఉంది. కొద్ది రోజులకే ప్యాటీ కూడా పోయింది.