తెర పట్టింది ప్రేక్షకులే

సత్యభామ విరహాన్ని చెప్పే కూచిపూడి నాటకం భామాకలాపాన్ని క్వీర్ (లింగ, లైంగిక వైవిధ్యాల) కథగా, ప్రేక్షకులు గదిగదికీ నడుస్తూ చూసే నాటకంగా మలుస్తున్నామని, ఆహార్యం (వేషభూషలు), రంగాలంకరణ నన్నే చూడమని దర్శకురాలు అడిగినప్పుడు నా కళ్లముందు మెదిలింది జడ. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా జడ విసిరి సవాలు చేస్తూ సత్యభామ ప్రవేశించడం కూచిపూడిలో ఆచారం. ఆ పాత్రను తరతరాలుగా మగవారే వేశారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగానే పేరు పొందారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు.

మా సత్యభామ ట్రాన్స్ మహిళ. కొలతలు తీసుకుంటుంటే, "అక్కా, నాకు వేషం కట్టకండి, చీర కట్టండి" అంది. అప్పటికే నేను గీసిన బొమ్మల్లో మగవాడి ఒంటిని ఆడదిగా చూపే మెత్తలున్నాయి. సిగ్గనిపించింది. వాటిని చించేసి, రవికను ఆమె కొలతలకే కుట్టించాను.

నాటకం హైదరాబాదులో ఒక పాత ఇంట్లో. బూరుగు చెక్కతో చేసి రంగు అద్దాలు అతికించే కూచిపూడి నగలు వేదిక మీద బంగారంలా మెరుస్తాయి. మూరెడు దూరంలో నిలబడితే జిగురు మరకలూ కనబడతాయి. దాచడానికి వారం రోజులు కష్టపడి, చివరికి మానుకున్నాను. విరహపు గదిలో ఆమె ఒక్కొక్క నగా తీసి ప్రేక్షకుల చేతుల్లో పెడుతుంది. బంగారమనుకుని దోసిలి పట్టినవారికి ఆ తేలిక తెలియాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది మాధవి. సంప్రదాయంలోనే సూత్రధారి సత్యభామ దగ్గర చెలికత్తె మాధవిగా, కృష్ణుడి దగ్గర చెలికాడు మాధవుడిగా మారతాడు. ఇది మేం కొత్తగా కల్పించింది కాదు, అందుకే దీనిమీద నాకు అంత మమకారం. ఆ మార్పు గడప మీద, అందరి ఎదుటే జరగాలనుకున్నాం. ముందు వెల్క్రో పెట్టాను. చిన్న గదిలో ఆ చప్పుడు పాటను మింగేసింది. తీసేసి ఒకే నూలు కండువా ఇచ్చాను. పైటగా ఉన్నదాన్ని లాగి నడుముకు బిగిస్తే దట్టీ అయింది.

తెరను ఇద్దరు ప్రేక్షకులే పట్టుకోవాలన్నది నా పట్టుదల. మఖమలు తెరతో చూస్తే ప్రవేశ దరువు (పాత్ర ప్రవేశించేటప్పటి పాట) సగంలోనే చేతులు వాలిపోయాయి. పలుచటి నూలు బట్టకు మార్చాను. మొదటి ప్రదర్శనలో ఒక కొస పట్టిన పెద్దావిడ చేతులు వణకడం చూసి మావాళ్లొకరు అందుకోబోయారు. ఆవిడ ఇవ్వలేదు. జడ ఆవిడ మణికట్టు మీదుగానే ఇటు పడింది.